ఇంట్లో కుట్టుమిషన్ శుభ్రం, నూనె, చిన్న మరమ్మతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం పాతూరులో ఇంటి వరండాలోనే మిషన్ వేసుకుని జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు కుడతాను. గుడ్డలు ఇవ్వడానికి ఎంతమంది వస్తారో, తమ మిషన్ మొరాయించిందని అంతమంది వస్తారు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఇందులో ఎక్కువ భాగం నల్లరంగు ఇనుప మిషన్ల గురించి. ఉషా, సింగర్, మెరిట్, రీటా, ఏదైనా సరే. కాలితో తొక్కేదైనా, మోటరు తగిలించుకున్నదైనా పద్ధతి ఒకటే. ప్లాస్టిక్ బాడీ మిషన్ల సంగతి వేరే చెప్పాను.

అక్కా, నూనె ఎంత పోసినా మిషన్ బరువుగానే తిరుగుతోంది. ఎందుకు?

నూనె పోయడం వల్లే కావచ్చు. మనది వాన తక్కువ, దుమ్ము ఎక్కువ ఉన్న ఊరు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లకు అటూఇటూ పడుతుంది, అంతే. ఇక ఆషాఢం గాలి మొదలైందంటే కిటికీ మూసినా బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము, గుడ్డ నుంచి రాలే నూగు, చాక్‌పీసు పొడి, అన్నీ మిషన్ లోపలికే పోతాయి. వాటిని తియ్యకుండా పైన నూనె పోస్తే లోపల ముద్దవుతుంది. ముద్ద ఎండితే జిగురవుతుంది. ముందు దుమ్ము తియ్యాలి, తర్వాతే నూనె. మిషన్ మెకానిక్ దగ్గరికి మోసుకొచ్చే వాళ్లలో సగం మందికి కావలసింది ఒక పాత బ్రష్షు, ఒక అరగంట తీరిక అని నా అభిప్రాయం.

శుభ్రం చేశాక కూడా బరువుగానే ఉంటే, బరువు పైన ఉందా కింద ఉందా చూడండి. బెల్టు తీసేసి పై చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే మిషన్ తల బాగానే ఉంది, లోపం కింద తొక్కే పెడల్‌లోనో పెద్ద చక్రం ఇరుసులోనో ఉంది. పై చక్రమే బిగుసుకుపోయి ఉంటే షటిల్ (సూది కింద తిరుగుతూ పైదారాన్ని పట్టుకుని కుట్టు వేసే భాగం) దగ్గర దారం ముక్క ఇరుక్కుని ఉంటుంది, లేదా చక్రం వెనక సందులో దారం చుట్టుకుని ఉంటుంది. ఈ రెండో చోటు ఎవరికీ గుర్తు రాదు. చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి స్క్రూ విప్పి చక్రం ఊడదీసి చూస్తే, మూరెడు దారం బయటపడిన రోజులు నాకు ఉన్నాయి. రెండూ తేలిగ్గానే తిరుగుతుంటే బెల్టు మరీ బిగువుగా ఉన్నట్టు.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చెయ్యాలి?

రోజుల లెక్క కాదు, కుట్టిన గంటల లెక్క. ఎనిమిది, పది గంటలు కుట్టారంటే ఒకసారి బ్రష్షు పెట్టండి. పండగల ముందు నాలాగా రోజంతా కుట్టేవాళ్లు రాత్రి లేచేముందు బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్ ఉండే చిన్న ఇనుప డబ్బీ) తీసి ఒకసారి దులిపితే చాలు, రెండు నిమిషాల పని. నెలకోసారి చిరుగులు కుట్టుకునే ఇంట్లో నెలకోసారి సరిపోతుంది. టెర్రీ టవల్, వెల్వెట్, ఫ్లానెల్ లాంటివి కుట్టిన రోజు మాత్రం లెక్కలు చూడొద్దు, అప్పుడే తియ్యండి.

సరిగ్గా ఎలా తియ్యాలి? విప్పితే మళ్లీ బిగించలేమేమో అని భయం.

భయం సహజం. ఫోను దగ్గర పెట్టుకోండి. ఒక్కో భాగం తీసే ముందు ఒక ఫోటో. తీసిన స్క్రూలు ఒక స్టీలు పళ్లెంలో వేయండి. నేల మీద పెడితే కడప బండల సందుల్లో దొర్లి పోతాయి, మళ్లీ దొరకవు.

మోటరు ఉంటే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు, పెడల్ మీద పిల్లలు కాలేస్తే వేలు పోతుంది. కాలి మిషన్ అయితే బెల్టు జార్చండి. చక్రం మీ వైపుకు తిప్పి సూది పైకి తెచ్చి, సూది తీసెయ్యండి, కింద గుడ్డను నొక్కిపట్టే ఫుట్ కూడా తీసెయ్యండి. తర్వాత సూది దిగే ప్లేటు. దానికి రెండు స్క్రూలు ఉంటాయి. సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి, చిన్నది పెట్టి తిప్పితే గాడి చెడిపోయి ఆ స్క్రూ ఇక జన్మలో రాదు.

ప్లేటు లేపగానే పళ్ల మధ్య చూడండి. గుడ్డను ముందుకు లాగే ఆ పళ్ల సందుల్లో నూగు కంబళిలాగా గట్టిపడి ఉంటుంది. చాలామంది మిషన్లలో ఇదే అసలు రోగం. పళ్లు పైకి లేవలేవు, గుడ్డ జరగదు, కుట్టు చిన్నదైపోతుంది. మనమేమో కుట్టు సైజు మీట తిప్పుతూ కూర్చుంటాం. సూది మొనతో మెల్లగా కదిలించి, పట్టకారుతో లాగితే చాపముక్కలా వచ్చేస్తుంది.

ఇక షటిల్. బాబిన్ కేసు బయటికి తీయండి. దాని వెనక రింగును పట్టి ఉంచే రెండు చిన్న మీటలు ఉంటాయి. వాటిని బయటివైపుకు తిప్పితే రింగు వస్తుంది, దాని వెనక నెలవంకలాంటి షటిల్ మధ్యలో ఉన్న ముల్లు పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. అది తిరిగే గుండ్రటి దారిని పాత మెత్తని బనీను గుడ్డతో తుడవండి. నల్లగా జిడ్డు వస్తుంది, రానివ్వండి. తిరిగి పెట్టేటప్పుడు షటిల్ దాని చోట్లో ఒదిగి కూర్చోవాలి, కూర్చోకపోతే రింగు పట్టదు. పట్టని రింగును బలవంతంగా నొక్కొద్దు. చక్రం కొంచెం అటూఇటూ కదిపి మళ్లీ ప్రయత్నిస్తే అదే పడుతుంది.

నోటితో ఊదొద్దు. ఊపిరిలో తడి ఉంటుంది, తుప్పుకు అది చాలు. సైకిలు పంపుతో గాలి కొట్టడం కూడా మంచిది కాదు, బయట ఉన్న నూగు లోపలి సందుల్లోకి పోతుంది. పాత టూత్ బ్రష్షు, చిన్న రంగుల బ్రష్షు, ఇవే నా ఆయుధాలు.

ఏ నూనె వాడాలి? ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పనికిరాదా?

పనికిరాదు. ఇది నేను చేసి నేర్చుకున్న పాఠం. పెళ్లైన కొత్తలో మిషన్ నూనె అయిపోతే, నూనె నూనే కదా అని కొబ్బరినూనె వేశాను. మాఘమాసం ముహూర్తానికి ధర్మవరం పట్టు జాకెట్టు ఒకటి ఇవ్వాలి. తెల్లవారుజామున కూర్చుంటే చక్రం కదలదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన చలికాలం పొద్దున్నలు అంతకంటే చల్లన. ఎండలో పెట్టి కరిగించి, మళ్లీ తుడిచి, ఆ జాకెట్టు ముహూర్తానికి అరగంట ముందు పంపాను. ఆ తల్లి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

చెనిక్కాయ నూనె, నువ్వుల నూనె, ఆముదం కూడా అంతే. వంటనూనెలు గాలికి ముదిరి బంకలాగా మారతాయి. పైగా చీమలు వస్తాయి. బండికి పోసే ఇంజిన్ ఆయిల్ చిక్కన, గుడ్డకు మరక. మిషన్ నూనె అని చిన్న సీసాల్లో దొరికేది నీళ్లలా తేటగా, వాసన లేకుండా ఉంటుంది. పసుపురంగుకు తిరిగి ఉంటే పాతది, కొనొద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు కొందరు నూనెకు బదులు కొడుతున్నారు. అవి బిగిసిన స్క్రూ వదులు చేయడానికి బాగుంటాయి, కానీ వాటి జారుడు ఎక్కువ రోజులు నిలవదు.

ఎక్కడెక్కడ, ఎన్ని చుక్కలు?

మిషన్ పైభాగంలో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్క చుక్క. సూది కడ్డీ పైకి కిందికి ఆడే చోట ఒకటి, చక్రం ఇరుసు దగ్గర ఒకటి, షటిల్ తిరిగే దారిలో ఒకటి. తర్వాత తలను కీళ్ల మీద వెనక్కి వాల్చి కింద చూడండి. ఎక్కడ ఇనుము ఇనుముకు రాసుకుంటోందో అక్కడ ఒక చుక్క. చేత్తో చక్రం తిప్పుతుంటే ఏది కదులుతోందో మీకే తెలుస్తుంది. కింద స్టాండులో పెడల్ రెండు చివరలు, పెడల్‌ను చక్రానికి కలిపే కడ్డీ రెండు కీళ్లు, పెద్ద చక్రం ఇరుసు. ఈ కింది భాగం గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. మోకాళ్ల నొప్పులని మాత్రం అందరూ చెబుతారు!

బెల్టుకు, బాబిన్ చుట్టే రబ్బరు రింగుకు, పైదారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్య నూనె తగలనివ్వకండి. తగిలితే బెల్టు జారుతుంది, దారం నూనె పీల్చుకుంటుంది.

నూనె వేశాక గుడ్డ మీద మరకలు పడుతున్నాయి.

నూనె రాత్రి వేయండి. ఫుట్ కింద నాలుగు మడతల పాత గుడ్డ పెట్టి ఉదయం దాకా వదిలెయ్యండి. పొద్దున సూది కడ్డీ తుడిచి, దారంతో చిత్తు గుడ్డ మీద ఒక గజం కుట్టండి. ఆ గుడ్డ మీద మరక పడడం ఆగితేనే మంచి గుడ్డ పెట్టాలి. ఒకవేళ పడిపోతే వెంటనే నీళ్లు తగిలించకుండా ముఖానికి రాసే పౌడరు దట్టంగా చల్లి, పీల్చుకున్నాక దులిపి, తర్వాత గిన్నెల సబ్బు నీళ్లతో ఉతకండి. పట్టుకు ఇది చెయ్యొద్దు, డ్రైవాష్‌కు ఇవ్వండి.

కింద దారం గూడు కట్టేస్తోంది. బాబిన్ కేసు మార్చాలా?

తొంభై పాళ్లు వద్దు. గూడు కింద కనబడుతుంది కాబట్టి తప్పు కిందిదని అనుకుంటాం. తప్పు పైదారానిది. పైదారం టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోకపోతే వదులుగా దిగి కింద పోగుపడుతుంది. ఫుట్ పైకి లేపి, అప్పుడు దారం మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. ఫుట్ లేపితేనే బిళ్లలు విచ్చుకుంటాయి, దారం లోపలికి పోతుంది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలు వెనక్కి లాగి వేలితో పట్టుకోండి. చక్రాన్ని పొరపాటున వెనక్కి తిప్పినా గూడు కడుతుంది, కొత్తగా కాలిమిషన్ నేర్చుకునే పిల్లలకు ఇదే కష్టం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గూడు కడితే ఆ బిళ్లల మధ్య నూగు ఉంది. ఫుట్ లేపి, ఒక సన్నని గుడ్డ పేలికను వాటి మధ్య దూర్చి అటూఇటూ లాగండి.

కుట్టు వదిలేస్తోంది, మధ్యమధ్యలో పడటం లేదు.

సూది మార్చండి. ఇంకేదీ ముట్టుకోకముందు సూది మార్చండి. సూది విరిగితేనే మార్చాలన్న పట్టుదల మన ఆడవాళ్లలో ఎందుకో చాలా గట్టిది. ఎనిమిది గంటల కుట్టుకు మొన మొద్దుబారుతుంది. జరీ ఉన్న గుడ్డ అయితే ఇంకా ముందే. మొద్దు సూదితో కుడితే టక్ టక్ మని చప్పుడొస్తుంది, పట్టులో పోగులు లాగేస్తుంది.

పెట్టడంలో కూడా తప్పు జరుగుతుంది. సూది కాండంలో ఒకవైపు చదునుగా ఉంటుంది, దానికి ఎదురువైపు పొడవాటి గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే బెజ్జంలోకి పోవాలి. మిషన్‌ను బట్టి దారం ఎడమ నుంచో, కుడి నుంచో, ముందు నుంచో ఎక్కుతుంది కాబట్టి పక్కింటి మిషన్ చూసి పెట్టొద్దు, మీ మిషన్‌లో ఉన్న సూదిని తీసేముందే చూసుకోండి. సూదిని పైదాకా, ఇక పోదు అనేదాకా తోసి బిగించాలి.

సైజుల విషయానికొస్తే, జార్జెట్, సన్నని పట్టు, వాయిల్‌కు 11. మామూలు కాటన్ జాకెట్టు గుడ్డకు 14. దుప్పట్లు, ప్యాంటు గుడ్డలకు 16. జీన్స్‌కు 18. ప్యాకెట్ మీద 75, 90, 100, 110 అని కూడా ఉంటుంది, వరసగా అవే సైజులు.

పైదారం ఊరికే తెగుతోంది.

ముందు దారం చూడండి. ఒకసారి చవగ్గా వచ్చిందని ఒక కొట్టులో రెండు డజన్ల రీళ్లు కొన్నాను. వేళ్ల మధ్య లాగితేనే పుటుక్కుమనేది, పైగా మిషన్ నిండా నూగు. దారం మంచిదే అయితే టెన్షన్ ఎక్కువై ఉంటుంది, లేదా సూది ఉల్టా. అదీ కాకపోతే ప్లేటు రంధ్రం అంచున గోరు రాసి చూడండి. ఎప్పుడో విరిగిన సూది అక్కడ గీరి ఉంటుంది. ఆ గరుకును బాగా సన్నని ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దితే పోతుంది.

టెన్షన్ సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

పైన ఒక రంగు, బాబిన్‌లో ఇంకో రంగు దారం పెట్టి కుట్టండి. కింది రంగు పైకి చుక్కల్లా కనబడితే పైది బిగువు. పై రంగు కింద ఉచ్చుల్లా కనబడితే పైది వదులు. పైనున్న మరతో అరచుట్టు చొప్పున సరిచేసుకోండి. బాబిన్ కేసు స్క్రూను మాత్రం అలవాటుగా తిప్పొద్దు. అది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. ఊరికే ఉంటే జారకూడదు, చిన్నగా ఎగరేస్తే అంగుళం, రెండంగుళాలు దిగి ఆగాలి. దబ్బున దిగిపోతుంటే, స్క్రూ కంటే ముందు కేసు మీదున్న స్ప్రింగు కింద కాగితం మూల దూర్చి లాగండి. ఆ చిన్న నూగు పోగే స్ప్రింగును ఎత్తి పెడుతుంది.

తోలు బెల్టు జారుతోంది. నూనె రాస్తే పట్టు వస్తుందా?

అయ్యో, ఉన్న పట్టూ పోతుంది. తోలు సాగుతుంది. కొక్కెం విప్పి, అర అంగుళం కత్తిరించి, కొత్తగా రంధ్రం చేసి మళ్లీ తగిలించండి. ఒకేసారి ఎక్కువ కోస్తే బిగుసుకుని తొక్కలేరు. ఎలుకలు కొరుకుతుంటే ఎలుకల సంగతి చూసుకోవాలి, బెల్టుది కాదు.

అమ్మ మిషన్ పదేళ్లుగా అటక మీద ఉంది. కదలడం లేదు. పాత ఇనుముకు వేసెయ్యాలా?

వేయొద్దు, మీకు అక్కర్లేకపోతే నాకివ్వండి! ఆ కాలపు ఇనుప తలలు సాధారణంగా చెడిపోవు. పాత నూనె గట్టిపడి బిగుసుకుంటాయి. పైదుమ్ము తుడిచి, నూనె రంధ్రాల్లో, కదిలే చోట్లలో కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొయ్యి, దీపం, అగరొత్తి దగ్గర్లో ఉండకూడదు, కిటికీలు తెరిచి పెట్టండి. పొద్దున చక్రాన్ని మెల్లగా అటూఇటూ కదపండి. కదిలినకొద్దీ నల్లటి జిడ్డు కారుతుంది, తుడవండి, మళ్లీ వేయండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు. పూర్తిగా తిరిగాక కిరోసిన్ అంతా తుడిచి తప్పకుండా మిషన్ నూనె వేయాలి, ఎందుకంటే కిరోసిన్ జిడ్డు కడుగుతుందే కానీ నూనె పని చేయదు. ఇప్పుడు కిరోసిన్ దొరకడమే కష్టం. దొరక్కపోతే మిషన్ నూనే రోజూ వేస్తూ కదుపుతూ ఉండండి, ఆలస్యంగానైనా వదులవుతుంది. పైనున్న బంగారు రంగు బొమ్మల మీద మాత్రం కిరోసిన్ రుద్దకండి, చెరిగిపోతాయి.

వరద నీళ్లలో మునిగిన మిషన్ బాగవుతుందా?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా పిన్ని మిషన్ బురదలో రెండు రోజులు ఉంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డాక రాజంపేట వైపు నుంచి కూడా నన్ను ఇదే అడిగారు. ఇనుప తల బాగవుతుంది, కానీ ఆలస్యం చేస్తే కాదు. బురద ఎండకముందే మంచినీళ్లతో కడిగెయ్యండి. తడిసిందాన్ని మళ్లీ నీళ్లతో కడగడమేంటని అనిపిస్తుంది గానీ, ఎండిన ఒండ్రు ఇసుకకాగితంలా లోపల అరగదీస్తుంది. గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, అదే రోజు కిరోసిన్, ఆ వెంటనే నూనె. ఒక్కరోజులోనే తుప్పు మొదలవుతుంది. మోటరును ప్లగ్గులో పెట్టొద్దు, విప్పి ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. చెక్క బల్ల ఉబ్బిపోతే అది పోయినట్టే. పిన్ని మిషన్ ఇప్పటికీ కుడుతోంది, బల్ల మాత్రం మార్చాం.

మోటరుకు కూడా నూనె వేయాలా?

వద్దు. మోటరు కాలిన వాసన వేస్తున్నా, లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనబడుతున్నా కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి, మార్పించుకోండి. పెడల్ వేడెక్కుతుంటే కాసేపు ఆపండి. బెల్టు వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, వీణ తీగలా ఉండకూడదు.

ప్లాస్టిక్ బాడీ ఉన్న కొత్త మిషన్లకు?

నూగు తీయడం అంతా ఇదే. పైనుంచి బాబిన్ వేసే రకమైతే కింద నల్ల ప్లాస్టిక్ గిన్నె లాంటి కేసు లేచి వస్తుంది, దాని కింద దులపండి. నూనె మాత్రం పుస్తకంలో వేయమని ఉంటేనే. చాలా వాటికి కంపెనీలోనే గ్రీజు పెట్టి పంపిస్తారు.

ఇంటి మిషన్ మీద జీన్స్ కుట్టొచ్చా?

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు చూసి చాలామంది ఆశపడతారు. అక్కడివి పవర్ మిషన్లు. ఇంట్లో ఇనుప మిషన్‌తో ప్యాంటు కాళ్లు మడిచి కుట్టడం ఇబ్బంది లేదు. 18 సూది వేసి, మడత మందంగా ఉన్నచోట చక్రం చేత్తో తిప్పండి. ఆ పని అయ్యాక తప్పకుండా ప్లేటు కింద చూడండి, నీలం నూగు నిండిపోయి ఉంటుంది.

ఆయుధపూజకు మిషన్‌కు పసుపు, కుంకుమ ఎక్కడ పెట్టాలి?

ఏటా దసరా తర్వాత తెల్ల గుడ్డ మీద ఎర్ర మరక పడిందని కనీసం ఇద్దరు వస్తారు. తల మీద వెడల్పుగా నున్నగా ఉన్న చోట, పెద్ద చక్రం మీద పెట్టుకోండి. సూది కడ్డీకి, ఫుట్‌కు, ప్లేటుకు, టెన్షన్ బిళ్లలకు వద్దు. నూనె రంధ్రాల పక్కన పెడితే పొడి లోపలికి పోతుంది. నేనైతే ముందురోజే మొత్తం విప్పి శుభ్రం చేసి, నూనె వేసి, పూజనాడు పనిపెట్టను. టెంకాయ మిషన్ బల్ల మీద కొట్టొద్దు, నీళ్లు నేరుగా షటిల్ మీదికి జారతాయి.

మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి?

కొత్త సూది వేసి, దారం సరిగ్గా ఎక్కించి, నూగు తీసినా ఒక్క కుట్టు కూడా పడకపోతే టైమింగ్ తప్పింది. షటిల్ మొన సూది వెనక దారాన్ని పట్టుకునే క్షణం తేడా వచ్చిందన్నమాట. సూది కడ్డీ కిందికి జారినా అంతే. షటిల్ మొన విరిగినా, మొద్దుబారినా మార్చాల్సిందే. వీటిని యూట్యూబ్ చూసి సరిచేస్తామని విప్పిన మిషన్లు సంచిలో వస్తుంటాయి. పిలిచినప్పుడు ఆయన ఏం చేస్తున్నాడో పక్కనే నిలబడి చూడండి, మంచి మెకానిక్ చూడొద్దనడు.

బల్లి గుడ్లు పెడుతోంది అక్కా, మిషన్ లోపల!

పెడుతుంది, తల కింద చీకటిగా చల్లగా ఉంటుంది కదా. వారానికోసారి తల వాల్చి చూస్తే చాలు. కుట్టని రోజుల్లో పాత దిండు గలేబు తొడగండి, దుమ్ముకు కూడా అదే మందు. ప్లాస్టిక్ కవరు కంటే నూలుదే మేలు, లోపల చెమ్మ నిలవదు.

వాడేసిన సూదులు, విరిగిన ముక్కలు ఎక్కడ పారెయ్యాలి?

చెత్తబుట్టలో కాదు, చెత్త ఎత్తేవాళ్ల చేతులు గుర్తుంచుకోండి. మూత బిగుతుగా ఉన్న మందుబిళ్లల డబ్బా ఒకటి మిషన్ సొరుగులో పెట్టుకుని అందులో వెయ్యండి. సూది విరిగినప్పుడు రెండు ముక్కలూ దొరికేదాకా లేవకండి. దొరకని ముక్క షటిల్‌లోనే ఉంటుంది, లేదా ఎవరి జాకెట్టులోనో ఉంటుంది. ఒక పాత స్పీకరు అయస్కాంతం దగ్గరుంటే నేల మీద జరిపితే వచ్చేస్తుంది. నాది మా అబ్బాయి పాడుచేసిన రేడియోలోంచి తీసింది.